అవ్వను నేనడిగిన ప్రశ్నలు

ఎనభైల మొదట్లో స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి, తిరుపతిలో ఒక ఇంటి మిద్దె మీద గదిలో ఉండేదాన్ని. నాతోపాటు ఉండిన స్నేహితురాలు పెండ్లి చేసుకుని కడపకు పోయింది. ఆమె మంచాన్ని ఖాళీగా చూడలేక దాని మీద నా పుస్తకాలు పరిచి పెట్టినాను.

మద్రాసులో ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఉద్యోగం పేరు సిస్టమ్స్ అనలిస్ట్. అదేం పనో చెప్పేవాళ్ళు నాకెవరూ దొరకలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో దాని గురించి ఉండిన ఒకే ఒక్క పుస్తకం తెచ్చుకుని చదివినాను. ఆఫీసులో పని ఎట్లా జరుగుతుందో అక్కడి మనుషులనే అడిగి తెలుసుకుని, ఆ పనిని కంప్యూటర్ చేసేటట్టుగా రాసియ్యాలని అర్థమైంది. కంప్యూటర్‌ను మాత్రం యూనివర్సిటీలో అద్దాల తలుపు ఇవతల నుంచి చూసిందే.

ఒకరోజు మా ఊరు వడమాలపేట నుంచి నాయన వచ్చినాడు, ఉడకబెట్టిన చెనిక్కాయలు సంచీలో పోసుకుని.

"ఏం పనమ్మా అది?" అని అడిగినాడు. చెప్పినాను.

"మనుషుల్ని అడిగేది గూడా ఉద్యోగమేనా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే తెలీక అడిగినాడు. సాయంత్రం బస్సుకు ఆయన వెళ్ళిపోయినాక చెనిక్కాయలు ఒలుచుకుంటా చానాసేపు గడపలోనే కూర్చున్నాను.

రోజూ మిద్దె మీద ఆరేసిన చీరల మధ్య తిరుగుతా, నాకు నేనే ఇంగ్లీషులో ప్రశ్న వేసుకుని నేనే జవాబు చెప్పేదాన్ని. పోనుపోను నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. హోటల్లో "కొంచెం సాంబారు" అనడం తప్ప ఎవరితోనూ తెలుగు మాట కూడా ఉండేది కాదు.

గది అద్దెకిచ్చిన ముసలామెను అవ్వా అని పిలిచేదాన్ని, కింద ఒక్కతే ఉండేది. మొగుడు పోయి చానా ఏండ్లయింది. ఒక పొద్దున వడియాలు ఎండబెట్టడానికి పైకొచ్చి, "ఎవురితో మాట్లాడతా ఉండావు పాపా?" అనింది.

"ఎవరితో లేదవ్వా. మనుషుల్ని అడిగి తెలుసుకునే ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది, దానికే తయారవుతా ఉన్నా."

"నన్ను అడగమంటావా?" అని గదిలోకొచ్చి, పుస్తకాలు పక్కకు జరిపి మంచం మీద కూర్చునింది. "పెండ్లెప్పుడు చేసుకుంటావు?"

"అది అడగరవ్వా!"

"మొదట అదే అడుగుతారు, సూడు. సరే, అడిగేది నీ ఉద్యోగం గదా, నువ్వే నన్నడుగు."

నవ్వి, కుర్చీ లాక్కున్నాను. "పొద్దున లేచి ఏం చేస్తావవ్వా?"

"కసువూడ్చి ముగ్గేస్తా. కాఫీ కాసుకుంటా."

"తర్వాత?"

"అన్నం వండుకుని, తిని పడుకుంటా."

"లేచినాక?"

అవ్వ కొంగు చివర వేలికి చుట్టుకుంటా ఉండింది. "నీ మెట్ల సప్పుడు ఇనబడేదాకా ఊరికే కూసోనుంటా పాపా. నువ్వొచ్చినావని తెలిస్తే లోపలికి పోయి లైటేసుకుంటా."

అన్నాళ్ళుగా ఆ మెట్లెక్కుతా ఉన్నాను. కింద నా కోసం ఒక మనిషి చెవులు రిక్కించుకుని ఉందని నాకు తెలీదు. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ సాయంత్రం నుంచి, గదికి పోయే ముందు ఆమె వసారాలో కొంతసేపు కూర్చునేదాన్ని.

మద్రాసులో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. "పెళ్ళయితే ఉద్యోగం మానేస్తావా?" అన్నదే మొదటి ప్రశ్న. నాకు నవ్వాగలేదు. ఎందుకని అడిగితే అవ్వ సంగతి చెప్పినాను. ఒకాయన నవ్వినాడు, మిగతా ఇద్దరూ నవ్వలేదు. ఆపైన ఇంగ్లీషులో అడిగినవాటికి తడబడుతూనే బదులు చెప్పినాను. అనుభవం లేదని ఆ ఉద్యోగం ఇయ్యలేదు. అదే కంపెనీలో ప్రోగ్రాములు రాసే చిన్న ఉద్యోగం ఇస్తామన్నారు. చేరతానన్నాను.

గది ఖాళీ చేసే ముందు అవ్వ నా పరుపు చుట్టడానికి సాయం పట్టింది. "మాటకారి పిల్ల ఎవురన్నా ఉంటే అద్దెకు పంపు పాపా" అనింది. యూనివర్సిటీకి పోయి తెలిసిన అమ్మాయిలందర్నీ అడిగినాను. హాస్టల్ వదిలి ఎవరూ రామన్నారు. ఆ మాట ఆమెకు చెప్పలేక, "వస్తారులే అవ్వా" అని మద్రాసు బస్సెక్కినాను.