వాచ్‌మన్ కొడుకు

మా పక్క ఫ్లాట్ పార్థసారథికి కోపం రాదని సెంబవాంగ్‌లో మా బ్లాకంతా మెచ్చుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందని మా గుంటూరులో ఊరికే అనరు.

వాళ్ళ తాత ఎప్పుడో విశాఖ నుంచి ఈ దేశం వచ్చి ఇక్కడి బ్రిటిష్ నౌకాస్థావరంలో ఓడలకు రంగులు వేశాడు. ఇతను ఆగ్జిలరీ పోలీసు. నడుముకు తుపాకి పెట్టుకుని బ్యాంకు డబ్బు తీసుకెళ్ళే వ్యాన్లకు కాపలా వెళ్తాడు. డ్యూటీ ఎక్కేటప్పుడు సంతకం పెట్టి తుపాకి తీసుకోవాలి, దిగేటప్పుడు అప్పగించాలి. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని బయటికి తీయలేదని గర్వంగా చెప్పేవాడు.

ఐటీ ఉద్యోగాలకు వచ్చిన మా తెలుగువాళ్ళకు ఈ తేడాలు పట్టవు. యూనిఫామ్ వేసుకుంటే వాచ్‌మనే. ఆ మాట పెద్దల నోట్లోంచి పిల్లల నోట్లోకి వెళ్ళింది. కృష్ణప్రసాద్ అని బ్యాంకులో పెద్ద మేనేజరు ఉన్నాడు. అతని కొడుకు శ్రీనాథ్, పార్థసారథి కొడుకు ప్రణవ్ ప్రైమరీ సిక్స్‌లో ఒకే క్లాసు. శ్రీనాథ్ మూడు నెలలపాటు ప్రణవ్‌ను టాయిలెట్ దగ్గర నిలబెట్టి, వచ్చిపోయే ప్రతివాడికీ తలుపు తీయించి, సెల్యూట్ కొట్టించాడు. "వాచ్‌మన్ కొడుకు వాచ్‌మన్ పనే చెయ్యాలి" అట. టీచరు ఇద్దరి చేతా షేక్‌హ్యాండ్ ఇప్పించి పంపేసింది. అదే బడిలో ప్రైమరీ త్రీ చదివే నా కూతురు తన్మయి చెబితేనే మాకీ సంగతి తెలిసింది.

ఆ వారమే ఇంకో బడికి ఎవడో కుర్రాడు కత్తి తెచ్చాడని కబురు. తల్లిదండ్రులంతా బ్లాకు కింద చేరారు. అందరికంటే గట్టిగా అరిచింది కృష్ణప్రసాదే.

"గేటు దగ్గర గన్‌మన్ ఉండాల్సిందే! పార్థసారథీ, మీవాళ్ళతో మాట్లాడి ఆ డ్యూటీ నువ్వే వేయించుకోరాదూ?"

"గన్ను బయటినుంచి వచ్చేవాడికి సార్. లోపల మీ అబ్బాయి చేసేదానికి ఏం పెట్టమంటారు?" అన్నాడు పార్థసారథి.

"పిల్లలన్నాక ఆడుకోరా ఏంటి?" అని కృష్ణప్రసాద్ నవ్వాడు.

ఆ నవ్వు చూశాక నాకు అన్నం సహించలేదు. నేరుగా పార్థసారథి ఇంటికి వెళ్ళాను.

"తమ్ముడూ, కుక్క కాటుకు చెప్పుదెబ్బ. రేపు యూనిఫామ్‌తోనే వెళ్ళి ఆ శ్రీనాథ్‌ను పలకరించు."

"రూల్ ఒప్పుకోదక్కా. ఉద్యోగం పోతుంది."

"ఆ రూలు నీ కొడుకును టాయిలెట్ దగ్గర్నుంచి తీసుకొస్తుందా?"

మర్నాడు పొద్దున పార్థసారథి డ్యూటీ దిగి, యూనిఫామ్‌తోనే ప్రణవ్‌ను వెంటబెట్టుకుని స్కూలు బస్సు ఆగేచోటికి వచ్చాడు. ఆఫీసుకు లేటయినా సరేనని నేనూ వెళ్ళాను. శ్రీనాథ్ ఒక్కడే ఉన్నాడు.

"సెల్యూట్ కొట్టు" అన్నాడు పార్థసారథి. "బస్సు వచ్చేదాకా కొడుతూనే ఉండు."

అరవలేదు, ముట్టుకోలేదు. చెయ్యి మాత్రం నడుం మీద పెట్టుకున్నాడు. తుపాకి అప్పగించే వచ్చాడు, అక్కడేమీ లేదు. ఆ సంగతి శ్రీనాథ్‌కేం తెలుసు! పదకొండో సెల్యూట్‌కు వాడి నిక్కరు తడిసింది. నాకు కడుపు నిండా పాయసం తాగినట్టయింది. పైకే నవ్వాను. తండ్రి పక్కన నిలబడి ప్రణవ్ కూడా నవ్వాడు. తగిన శాస్తి జరిగిందని ఆ రోజంతా ఆఫీసులో హుషారుగా పనిచేశాను.

నెల తిరిగేసరికి తన్మయి బడి నుంచి రోజూ ఆకలితో వస్తోంది. ఎంత అడిగినా చెప్పదు. చివరికి ఏడ్చేసింది.

"ప్రణవ్ నా ఫుడ్ అంతా తీసుకుంటాడు. అడగొద్దు మమ్మీ. హిస్ పప్పా గాట్ గన్."

దాని చెయ్యి పట్టుకుని పక్క ఫ్లాటుకు వెళ్ళాను. ప్రణవ్ చెంప పగలగొట్టాలనే వెళ్ళాను. పార్థసారథి భోజనం ముందు కూర్చుని, "రండక్కా, మక్కాన్ అయ్యిందా, తిన్నారా?" అని నవ్వుతూ పలకరించాడు. విషయం చెప్పగానే కొడుకును పిలిచాడు.

ప్రణవ్ భయపడలేదు. "యూ ఆల్సో డిడ్ లైక్ దట్, పప్పా" అన్నాడు.

పార్థసారథి తింటున్న కంచం పక్కకు నెట్టాడు. తర్వాత చెయ్యి కడుక్కుని చొక్కా వేసుకున్నాడు.

"తన్మయికి సారీ చెప్పు. తరవాత శ్రీనాథ్ ఇంటికి పోదాం. అక్కడ సారీ నేను చెప్తా."

"ఆ కృష్ణప్రసాద్ ముందు తల దించుతావా?" నాకు అరుపు ఆగలేదు. "కంప్లైంట్ ఇస్తాడు, నీ ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీ. మీరూ రండక్కా."

"నేనెందుకు?"

"ఆ రోజు నన్ను వాడి దగ్గరికి వెళ్ళమన్నది మీరే కదా."

తన్మయి నా చెయ్యి వదిలి, తలెత్తి చూసింది.

"నువ్వే చెప్పావా, మమ్మీ?"

అవునని చెప్పాల్సి వచ్చింది.