ఆరుగురం తొడిగిన గౌను

మా ఫొటోల మేడం పోయారని పోయిన నెలలో మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు సబ్‌సెంటర్లో పసిపిల్లలకు టీకాలు వేస్తున్నాను. అమ్మకు ఫోన్‌లో అరిచి మాట్లాడటం అలవాటు. "బిడ్డా, మన మేడం లేదే! పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్న కాడనే పోయిందట" అని అరిచింది. చుట్టూ ఉన్న తల్లులందరికీ వినబడింది. ఒకామె లేచి తన కుర్చీ నాకు జరిపింది. కూర్చుని కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని, మిగిలిన టీకాలు కూడా వేశాను. అంత దూరం నడిచొచ్చిన పిల్లల్ని ఊరికే వెనక్కి పంపితే మేడం ఊరుకునే మనిషి కాదు.

మా ఊరు భద్రాచలం అవతల, అడవి అంచున. బస్సు దిగాక రెండు వాగులు దాటి నడవాలి. నా చిన్నప్పుడు ఒక స్వచ్ఛంద సంస్థ మా ఊళ్లో కొందరు పిల్లల పేర్లు రాసుకుంది. ఒక్కో పిల్లకు ఎక్కడో విదేశంలో ఒక దాత. ఆ దాత సంస్థకు డబ్బు పంపుతారు, ఏడాదికోసారి ఆ పిల్ల ఫొటో, ఒక ఉత్తరం దాతకు వెళ్తాయి. ఫొటోలు తీసి, ఉత్తరాలు రాయించి, వాటిని ఇంగ్లీషులోకి మార్చి పంపే ఉద్యోగం మేడంది. కాపురం సారపాకలో, పుట్టిల్లు మధిర వైపు. మేమంతా "వచ్చిండు, పోయిండు" అంటే ఆమె "వచ్చాడు, వెళ్లాడు" అనేవారు. మా నాన్న ఆమె యాసను వెనకాల అనుకరిస్తే, అందరికంటే ముందు ఆమే నవ్వేవారు.

ఆమె సంచీలో కెమెరాతో పాటు ఒక దువ్వెన, కొబ్బరినూనె సీసా, పుట్నాల పొట్లం ఉండేవి. ఫొటోకి ముందు ప్రతి పిల్లకూ తనే తల దువ్వేవారు. "నీ తలలో సంత జరుగుతోందే అమ్మడూ, అమ్మేవాళ్లు కొనేవాళ్లు అందరూ ఇక్కడే ఉన్నారు" అంటూ పేలు కుక్కేవారు. కెమెరా ఎత్తాక మాత్రం మహా కఠినం. "కళ్లు మూశావంటే ఫొటోలో నిద్రపోతున్నట్టు పడతావు, రీలు దండగవుద్ది" అని బెదిరించేవారు. ఆ బెదిరింపుకు ఎవరికైనా నవ్వొచ్చేది, ఆ నవ్వు పోకముందే నొక్కేసేవారు.

మొదట్లో పేరు రాసుకోని పిల్లల తల్లులు ఆమెతో తగువుకు దిగేవారు. "నా బిడ్డ ఏం పాపం చేసింది? దానికెందుకు దాత లేడు?" అని మా పక్కింటి పెద్దమ్మ ఒకసారి దారికి అడ్డంగా నిలబడింది. మేడం ఆమె చెయ్యి పట్టుకుని పసిపిల్లలుండే బల్వాడీ దాకా తీసుకెళ్లి, పొయ్యి మీద గిన్నె మూత తీసి చూపించారు. "ఫొటో ఒకరిదే పడుద్ది వదినా, అన్నం మాత్రం అందరికీ ఉడుకుద్ది" అన్నారు. దాతల డబ్బు ఏ ఇంటికీ చేతికి వచ్చేది కాదు. అంతా కలిపి ఊరికి ఒక బోరింగు, పసిపిల్లలకు ఒక బల్వాడీ, అందులో పప్పన్నం, వాళ్లను చూసుకునే ఆయా. ఒక ఇంటికి ఇచ్చి పక్కింటికి ఎగ్గొడితే ఊరు రెండవుతుందని ఆమె చెప్పేవారు.

బల్వాడీ అంటే ఊరికి ఏమో గానీ, నాకైతే అది నా బడి. మిరపకాయల కాలం వస్తే మా ఊరి ఆడవాళ్లందరూ పొద్దున్నే ట్రాక్టరెక్కి తోటలకు పోయేవారు. ఇంటికి పెద్దపిల్లను కాబట్టి తమ్ముణ్ణి చంకనేసుకుని నేను ఇంట్లో ఉండిపోయేదాన్ని. మళ్లీ బడికి వెళ్లేసరికి పాఠాలు ఎక్కడికో పోయేవి. బల్వాడీ వచ్చాక తమ్ముణ్ణి అక్కడ దించి పరిగెత్తేదాన్ని. అది మూతపడితే నా చదువూ దాంతోపాటే. ఆ సంగతి నాకూ తెలుసు, మేడానికీ తెలుసు.

ఇక గౌను సంగతి. మొదటి ఏడాది ఫొటోల రోజున ఒక పిల్ల బట్టలు చిరిగాయని సిగ్గుపడి గడ్డివాము వెనక దాక్కుంది, ఎంత పిలిచినా రాలేదు. మేడానికి ప్రాణం ఉసూరుమంది. మరుసటి ఏడాది తన పసుపుపచ్చ చీర చించి పూల గౌను ఒకటి కుట్టి తెచ్చారు. వెనక నాడాలు బిగిస్తే చిన్నపిల్లకు, వదిలితే పెద్దపిల్లకు సరిపోయేది. ఆడపిల్లలం ఆరుగురం ఒకరి తర్వాత ఒకరం తొడుక్కుని రాణుల్లాగా నిలబడ్డాం. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

అయితే మా దాతల్లో నలుగురు ఒకే చర్చివాళ్లని మేడానికి తెలియదు. వాళ్లు మా ఫొటోలను చర్చి గోడమీద పక్కపక్కనే పెట్టుకున్నారట. నాలుగు పేర్లు, నాలుగు మొహాలు, గౌను ఒక్కటే! ఇంతకాలం పంపిన డబ్బుకు పిల్లలందరికీ కలిపి ఒకే గౌనా, అసలీ ఊరుందా అని ఉత్తరం రాశారు. అది హైదరాబాద్ ఆఫీసుకు చేరింది. తమ మనిషి ఊరు చూసి వచ్చేదాకా బల్వాడీకి పైసలు ఆపుతామని ఆఫీసువాళ్లు అన్నారు.

మేడం దాచలేదు. ఊరందరినీ కూర్చోబెట్టి తప్పు తనదేనని చెప్పారు. "గంతేనా? ఇస్కూల్ డ్రెస్సని చెప్దాం, ఇంకో అయిదు కుట్టియ్" అని మా పెద్దమ్మ ఉపాయం చెప్పింది. "ఒక్క గౌనుకే ఇంత గొడవైంది వదినా, ఇంకో అయిదు కుడితే ఏమవుద్దో!" అని మేడం నవ్వారు. నవ్వారే గానీ కళ్ల కింద నల్లగా ఉంది. ఉద్యోగం పోతుందని ఆమె కూతురితో అన్నారని తర్వాతెప్పుడో తెలిసింది.

ఆఫీసు సార్ మధ్యాహ్నం జీపులో దిగాడు. ఆరుగురినీ నిలబెట్టి గౌను పైకెత్తి, "ఇది ఎవరిది?" అన్నాడు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అందరికంటే చిన్నది "మేడందే" అంది. సార్ గౌను వైపు చూసి, మేడం భారీ ఆకారం వైపు చూసి, నవ్వాపుకోలేక దగ్గాడు. తర్వాత గట్టిగానే అడిగాడు, "మరి ఈ పిల్లకు మీరిచ్చిందేంటి?" అని నన్ను చూపించి.

మేడం నోరు తెరిచేలోపు మా అమ్మ లేచింది. అమ్మ ఎప్పుడూ సార్లతో మాట్లాడి ఎరగదు. "రా సారూ" అని బల్వాడీ గుమ్మం దాకా నడిచింది. లోపల చాపల మీద పిల్లలంతా పడుకుని ఉన్నారు, మా తమ్ముడు మూతికి పప్పు పూసుకుని నోరు తెరిచి నిద్రపోతున్నాడు. "గిదే ఇచ్చిండ్రు. వీడు గీడ పండుకుంటేనే ఇది బడికి పోతది. వీడు లేస్తే ఇది ఇంటికాడ్నే" అంది అమ్మ. సార్ గుమ్మంలో వంగి లోపలికి చూశాడు. పిల్లలు లేస్తారని మెల్లగా వెనక్కి వచ్చి, మేడం వైపు తిరిగి, "ఇదెందుకు ఫొటో తియ్యలేదండీ?" అన్నాడు.

ఆ రోజే బల్వాడీ గుమ్మంలో తీశారు, ఎవరి బట్టల్లో వాళ్లం, తల్లులతో సహా. నన్ను ఉత్తరం రాయమన్నారు. "గౌను నాది కాదు, మేడందే. మీ పైసలతో మా తమ్ముడు బల్వాడీలో నిద్రపోతున్నాడు. అందుకే నేను ఈ ఉత్తరం రాయగలిగాను" అని రాశాను. మేడం ఒక్క ముక్క మార్చకుండా ఇంగ్లీషు చేశారు. జవాబు వచ్చేదాకా మాకు అన్నం సయించలేదు. చివరికి వచ్చింది. నలుగురూ దాతలుగా ఉంటామన్నారు. నా దాత ఒక ముసలావిడ, కింద సొంత చేత్తో ఒక ముక్క రాసింది: మీ తమ్ముడు లేచాడా? మేడం అది చదివి కడుపు పట్టుకుని నవ్వి, నవ్వుతూనే ఏడ్చేశారు. బల్వాడీ నడిచింది, నేను చదువుకున్నాను. ఈరోజు నా చేతిలో సూది ఉందంటే అది ఆమె చలవే.

అంత్యక్రియలకు నేను వెళ్లేసరికి సారపాకలో ఇంటి ముందు షామియానా వేసి ఉంది. కాసేపటికి మా ఊరి ఆడవాళ్లు ట్రాక్టరులో దిగారు. మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే కబురందిందట. చీరల మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కాలు, తలలకు తువ్వాళ్లు, ఒంటినిండా కారం దుమ్ము. "బట్టలు మార్చుకుని రావద్దా?" అని ఎవరో గొణిగారు. "గప్పటిదాక మేడం ఉంటదా?" అంది మా అమ్మ.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టి రెండు మాటలు కాగానే తుమ్మారు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ తుమ్మారు. ముందు వరుసంతా తుమ్మడం మొదలుపెట్టింది. మేడం కూతురు అంత దుఃఖంలోనూ ఫక్కున నవ్వింది, దాంతో అందరం నవ్వాం, నవ్వగానే ఏడుపు కట్టలు తెంచుకుంది. మా ఊరి అమ్మలు కళ్లు తుడుచుకోబోయి చేతులకు కారం ఉందని గుర్తొచ్చి, చేతులు గాల్లోనే ఆపి నిలబడ్డారు. అది చూసి మేడం కూతురు లేచింది. తల్లి శవపేటిక పక్కనుంచి నడిచొచ్చి, తన చీర కొంగు నీళ్లలో తడిపి, మా అమ్మ దగ్గర మొదలుపెట్టి వరుసగా ఒక్కొక్కరి కళ్లూ తుడుస్తూ వెళ్లింది.