మైలింటికి వచ్చిన చేపలు

నా భార్య పోయిన మూడోరోజు ఆదివారం. పొద్దున గేటు దగ్గర ఒక మనిషి చేపల సంచితో నిలబడి ఉన్నాడు. ప్రతి ఆదివారం చేపలు ఇంటికి వచ్చేలా ఆమె తన ఫోనులో ఆర్డరు పెట్టుకుందని నాకు అప్పుడే గుర్తొచ్చింది.

ఇదివరకు మా వీధికి గంపతో ఒక చేపలామె వచ్చేది. ఏ ఇంట్లోనైనా చావు జరిగితే, కర్మ అయ్యేదాకా ఆ ఇంటి ముందు కేక వేసేది కాదు. వీధి మొదట్లోనే ఎవరో ఒకరు ఆమెకు చెప్పేవారు. మేమంతా ఫోన్లలో కొనడం మొదలుపెట్టాక ఆమె రావడం మానేసింది.

"మైల ఇల్లు నాయనా, తీసుకుపో," అన్నాను.

అతను వరండాలో వెలుగుతున్న దీపం చూసి వెనక్కి జరిగాడు. "తెలీక వచ్చినానన్నా. కానీ వాపసు తీసుకపోతే తప్పు నామీదే రాస్తారు. ఓటీపీ వొచ్చుంటాది, అది చెప్తే చాలన్నా."

ఓటీపీ ఆమె ఫోనుకు వచ్చింది. ఆ ఫోను తెరవడం నాకు తెలియదు గాని, అంకెలు పైనే కనిపించాయి. చదివి చెప్పాను.

"చేపలు నువ్వే వండుకో."

"చావింటి చేపలా? మా అమ్మ నన్ను గూడా గడప తొక్కనీదన్నా."

సంచి గేటుకు తగిలించి వెళ్లిపోయాడు. నేను దాన్ని కాలవ గట్టు దాకా తీసుకెళ్లి కాకులకు వేశాను.

కర్మకు ముందు ఇంకో ఆదివారం ఉంది. ఆర్డరు ఆపాలంటే ఆ ఫోను తెరవాలి. అది ఎలాగో ఆమెకొక్కదానికే తెలుసు.