జైపాల్ కడిగిన నేల

జైపాల్‌కి బూజంటే పడదు. పడదంటే మామూలుగా కాదు. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే కంపెనీలో దుమ్ము రేణువైనా ఉండకూడని క్లీన్‌రూం తుడవడమే అతని ఉద్యోగం. అక్కడ ఒక్క బూజు చుక్క కనబడితే చాలు, సరుకంతా చెత్తలోకే. ఆ భయం ఇంటికీ వచ్చేసింది. పచ్చడి జాడీ వాసన చూడందే ముద్ద ముట్టడు. "ఓ రోజు నన్ను గూడ స్పిరిటు వెట్టి తుడుస్తవేమో సూడు" అని భార్య రాధమ్మ వెక్కిరిస్తుంది.

పోతిరెడ్డిపల్లిలో వాళ్ల పక్కిల్లు బాపిరాజుది. గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఆయన భార్య కనకమహాలక్ష్మి ముచ్చటపడి అరకు నుంచి తెచ్చుకున్న పైన్ మొక్క పెరట్లో ఇంటిని మించి పెరిగింది. పోయేముందు ఆవిడ దాని గింజలతోనే, దాని నీడలోనే మూడు మొక్కలు మొలిపించింది. ఆవిడ పోయాక రాజుగారికి లోకమంతా ఆ మూడు మొక్కలే. కంటి ఆపరేషన్‌కి కూతురి దగ్గరికి వెళ్తూ, "నీళ్లు పొయ్యి జైపాలూ, ఇంకేం చెయ్యక్కర్లేదు" అని తాళంచెవి ఇచ్చాడు.

చెయ్యక్కర్లేదంటే ఊరుకునే మనిషా!

వానలు పడ్డాయి. నీళ్లు ఎలా ఇంకుతున్నాయో చూద్దామని జైపాల్ చెట్టు కింది సూదుల్లాంటి ఆకుల్ని కాలితో కదిపాడు. పైన ఎర్రగా ఎండిన ఆకులు, కింద నల్లబడి మెత్తబడినవి, నడుమంతా తెల్లటి దారాలు! ఆకుకీ ఆకుకీ కుట్టేసినట్టు అల్లుకుని, మట్టిలోకి దిగి, మొక్కల మొదళ్ల దాకా పాకింది బూజు.

"ఓర్నీ, రాజుగారి మొక్కలు ఖతం!"

పరుగున పోయి బ్లీచింగ్ కలిపిన నీళ్లు స్ప్రేయరు నిండా తెచ్చి కొట్టాడు. మళ్లీ నింపుకొచ్చి కొట్టాడు. గోడ మూలకి వచ్చేసరికి అయిపోతే, ఇక చాల్లే అని చేతులు కడుక్కున్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు కూడా.

రాజుగారు తిరిగొచ్చేసరికి రెండు మొక్కలు నిలువునా మాడిపోయి ఉన్నాయి. మూడోదానికి కొస మాత్రం పచ్చగా ఉంది. ఆయన నల్లద్దాలు తీసి, మట్టి వాసన చూశాడు.

"ఏం కొట్టావయ్యా?"

"బూజు వట్టింది రాజుగారూ. మొత్తం సాఫ్ జేసిన."

"సాఫ్ చేశావా! రాలిన ఆకుని మట్టి చేసేది ఆ బూజే కదయ్యా. వేళ్లని పట్టుకుని మొక్కకి తిండి అందించేదీ ఆ జాతే. మా ఆవిడ అరకు నుంచి గోనెసంచిలో మోసుకొచ్చింది ఆ మట్టినే. అది లేకపోతే ఈ చెట్టు ఈ నేలలో బతికేదా?"

తిట్టినా బాగుండేది. రాజుగారు తిట్టలేదు, మాడిన మొక్కల పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అయ్యో, ఎంత పని చేశాడు! కాపాడుతున్నాననుకుంటూ ప్రాణం తీశాడు.

అప్పుడు గుర్తొచ్చింది, మందు అందని గోడ మూల. ఒక్క పరుగున పోయి ఆకులు తోశాడు. ఉంది! తెల్లగా, తడిగా, అలాగే ఉంది. అలవాటుగా గ్లౌజుల కోసం జేబులోకి పోయిన చెయ్యి మధ్యలోనే ఆగింది. మూడో మొక్క చుట్టూ మందు పడ్డ మట్టి తీసేసి, ఒట్టి చేతులతో దోసిలి నిండా ఆ బూజు మట్టి ఎత్తుకొచ్చి, మెల్లగా మొదట్లో సర్దాడు.

"బతుకుతదా రాజుగారూ?"

రాజుగారు పచ్చగా మిగిలిన కొసని వేలితో తాకి చూశాడు. జైపాల్ చేతులు కడుక్కోకుండా అక్కడే కూర్చున్నాడు.