మామయ్య కోసిన చక్రం

మా మేనమామది రైలు చక్రాలు కోసే పని. పట్టాల మీద నలిగి నలిగి చక్రానికి సన్నని పగుళ్లు పుడతాయి, పెచ్చులు లేస్తాయి. బోగీని లేత్ మిషను మీదికి తెచ్చి, చెడిన పొర కోసేసి, నున్నగా చేసి పంపాలి. ఇరవై ఎనిమిదేళ్లు అదే చేశాడు. ఇంట్లో మేకు కొట్టమంటే మాత్రం వేలు చితక్కొట్టుకుంటాడు.

"చక్రం మెరిసిందని మురిసిపోకూడదమ్మా" అనేవాడు నాతో. "పైన పటారం, లోన లొటారం. తురుము చూడాలి." మంచి ఉక్కు కోస్తే తురుము చుట్టలు చుట్టలుగా వస్తుందట. లోపల ఇంకా పగులుంటే ముక్కలై రాలుతుందట.

ఫోర్‌మన్ పదవికి ఆయన పేరు పైకి వెళ్లిన వారం అది. అత్తయ్య అప్పటికే వీధంతా చాటేసింది. ఆ రోజు పొద్దున కోసిన చివరి చక్రం తళతళలాడింది. మామయ్యకు ఆకలి దంచేస్తోంది. తురుము చూడకుండానే సంతకం పెట్టి అన్నానికి వెళ్లాడు. తిరిగొచ్చి లేత్ కింద ఊడుస్తే చీపురుకు అన్నీ ముక్కలే తగిలాయి. అప్పటికే బోగీని రైలుకు తగిలించేశారు. అరగంటలో బయలుదేరుతుంది.

ఇంకొకరైతే ఆ తురుము డబ్బాలో పోసేసి కుక్కిన పేనులా కూర్చునేవారు. ఈయన పరుగున వెళ్లి బోగీని విప్పించాడు. మళ్లీ కోశారు. రెండు మిల్లీమీటర్ల లోతున కూడా పగులుంది. ఇంకా కోస్తే చక్రం పనికిరానంత పలచబడుతుందని తుక్కులో వేశారు.

ఇంజినీరు మంచివాడే. మామయ్యను గదిలోకి పిలిచి తలుపు వేశాడట.

"కోసే టూల్ అరిగిపోయిందని రాసెయ్యండి, నేను సంతకం పెడతా. ప్రమోషన్ లిస్టు రేపే వస్తోంది."

"టూల్ తప్పని రాస్తే టూల్ మారుస్తారు సార్. నన్నెవరు మారుస్తారు?"

ఆకలేసి తురుము చూడలేదని రాసిచ్చి వచ్చాడు. పదవి ఆయన కింద పనిచేసే మనిషికి వెళ్లింది. నాకు ఒళ్లు మండింది. తన గొయ్యి తానే తవ్వుకున్నాడని మొహం మీదే అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అలాంటి మనిషి నా మేనమామ అయినందుకు గర్వంగానూ ఉంటుంది.

అత్తయ్య రెండు రోజులు వీధిలోకే రాలేదు. మూడో రోజు పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి, "మీ ఆయన పనిలో ఏదో తప్పు చేశారటగా" అంది.

"చేశారు" అంది అత్తయ్య. "పట్టుకున్నదీ ఆయనే."