కందని నీలం పట్టీ

మా వదినకి కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ ఆడిపోసుకుంటారు. ఉంటే ఉండనివ్వండి. ఆ కోపమే లేకపోతే ఇంకెంతమంది పసివాళ్లు ఆసుపత్రి మంచమెక్కేవారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

వదిన పనిచేసేది పాలు పరీక్షించే పట్టీలు తయారుచేసే చోట. కంపెనీ అని బోర్డుంది గానీ, ఉన్నవి బట్టలకొట్టు వెనక మూడు గదులు. మొదటి గదిలో ఒక పొడిని వేడినీళ్లలో కలుపుతారు. అందులోని అణువులు ఎవరూ చెప్పకుండానే వరసగా సర్దుకుని నిలబడతాయట. ఆ నీళ్లు కాగితానికి పూసి ఆరబెట్టాక వదిన పని మొదలు. కాగితాన్ని అతినీలలోహిత దీపం ఉన్న పెట్టెలో పెడుతుంది. ఆ వెలుగుకి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులవుతాయి, తెల్ల కాగితం నీలంగా మారుతుంది. పాలలో క్రిములు పెరిగితే ఆ గొలుసులు మెలిపడి పట్టీ ఎర్రబడుతుంది. ముక్కుకి వాసన తెలియకముందే అది చెప్పేస్తుంది. అందుకే పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌ల వాళ్లు, నా కూతురు వెళ్లే క్రెష్‌తో సహా, వాటిని కొంటారు.

అయితే అవి ముట్టుకుంటే కందిపోయే రకం. వేలి వేడి తగిలినా, గట్టిగా రుద్దినా ఎర్రబడి చెత్తబుట్టలో పడాల్సిందే. ఆ బుట్ట నిండినప్పుడల్లా యజమాని అందరి మీదా విరుచుకుపడేవాడు. ఆ భయంతో వదినకి ఇంట్లో కూడా ప్రతి వస్తువునీ అంచులు పట్టుకుని ఎత్తడం అలవాటైపోయింది. "నా చెయ్యి కూడా అంచులోనే పట్టుకుంటుంది, నేనెక్కడ ఎర్రబడతానోనని" అని మా అన్నయ్య ఏడిపిస్తూ ఉంటాడు.

ఇంకో కంపెనీవాళ్ల పట్టీలు ముదురుగా, చూడ్డానికి బాగున్నాయని కొనేవాళ్లు అన్నారు. అంతే, యజమానికి నిద్ర పట్టలేదు. "రంగు కొట్టొచ్చినట్టు కనబడాలి. దీపం కింద ఇంకాసేపు ఉంచండి" అన్నాడు. ఉంచారు. నీలం చిక్కబడింది. పైగా కాగితాన్ని పట్టీలుగా కోసేటప్పుడు ఒక్కటి కూడా ఎర్రబడటం మానేసింది. చెత్తబుట్ట ఖాళీ! యజమాని మిఠాయిలు పంచాడు. వదిన మాకూ తెచ్చి, "మా చేతులు తిరిగాయే" అని మురిసిపోయింది. ఆ మూడు గదుల్లో ఒక్కరికైనా ఇదేమిటి ఇలా జరుగుతోందని అనుమానం రాలేదు. నష్టం తగ్గితే ఎవరు అడుగుతారు?

తర్వాత కొద్దిరోజులకే మా పాపకి క్రెష్‌లో వాంతులు పట్టుకున్నాయి. రెండేళ్లు కూడా నిండని పిల్ల. ఆసుపత్రిలో చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తుంటే ఏడవడానికి కూడా ఓపిక లేక కళ్లు తేలేసింది. పాపని తీసుకుని వెంట వచ్చిన క్రెష్ ఆయాని నోటికొచ్చినట్టు తిట్టాను.

"పట్టీ ముంచి చూశాకే పాలు పట్టానమ్మా. నీలంగానే ఉంది. నా పిల్లల మీద ఒట్టు" అని ఆమె బావురుమంది. సంచిలో ఉన్న పట్టీల పొట్లం తీసి చూపించింది.

నా పక్కనే ఉన్న వదిన అందులోంచి ఒకటి తీసుకుంది. బొటనవేలితో గట్టిగా రుద్దింది. నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊదింది. మళ్లీ రుద్దింది.

"ఇది కందట్లేదే" అంది.

"కందకపోతే మంచిదేగా, వదినా?"

"మేమందరం అలాగే అనుకుని చచ్చాం. చేతికి కందనిది పాలకి మాత్రం ఎలా కందుతుందే?"

దీపం వెలుగు ఎక్కువై గొలుసులు బిగుసుకుపోయాయి. ఆ పట్టీలని నమ్మి ఎన్ని క్రెష్‌లలో పాలు పడుతున్నారో! పాప గండం గడిచిందని డాక్టరు చెప్పాక, అమ్మని మంచం దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం యజమాని గదికి వెళ్లాం.

"సరుకంతా వెనక్కి తెప్పించండి" అంది వదిన.

"మీ పాప ఇంకేం తిన్నదో ఏమో! సరుకు వెనక్కి తెప్పిస్తే నా పరువేం కావాలమ్మా?"

పరువట! అక్కడే ఆయన చొక్కా పట్టుకోవాలనిపించింది నాకు. వదిన మాత్రం ఇంటి నుంచి తెచ్చిన నిన్నటి పాలు గ్లాసులో పోసింది. ముందు తన దగ్గర మిగిలిన పాత లేతనీలం పట్టీ ముంచింది. అది చూస్తుండగానే ఎర్రబడింది. తర్వాత కొత్తది ముంచింది. ఎంతసేపు చూసినా నీలమే. గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

"పాలు బాగున్నాయంటోంది మీ పట్టీ. తాగండి."

ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. "నాకు పాలు పడవు."

"మా పాపకీ పడలేదండీ" అన్నాను.

ఆయన గ్లాసు పక్కకి నెట్టి ఫోన్ తీశాడు. మొదటి క్రెష్‌కి చేసి, "ఏం లేదండీ, ప్యాకింగులో చిన్న లోపం..." అని నసుగుతున్నాడు. వదిన ఆ ఫోన్ లాక్కుంది. అంచులు కాదు, పిడికిలి బిగించి పట్టుకుంది.

"అమ్మా, ఆ పట్టీలు పనిచెయ్యవు. వాటితో చూసిన పాలు ఉంటే పారబొయ్యండి. ఏ బిడ్డకైనా ఒంట్లో బాగోలేకపోతే వెంటనే డాక్టరుకి చూపించండి. నేనెవరినా? వాటిని దీపం కింద పెట్టింది నేనే."

అవతల ఎవరో అరుస్తున్నారు. వదిన ఆ తిట్లన్నీ చివరిదాకా విని, ఫోన్ పెట్టేసి, యజమాని వైపు తిరిగింది.

"తర్వాతి నంబరు చెప్పండి" అంది.