కోటి వేసిన ప్యాచ్‌తో కోటప్పకొండ దాకా

మా ఆయన కాలు విరిగి ఆపరేషన్ అయినప్పుడు మా అబ్బాయి కోటి ఒక మొక్కు మొక్కాడు. నాన్న మళ్ళీ నడిస్తే మూడేళ్ళపాటు కార్తీకం చివరి సోమవారం మా ఊరి నుంచి కోటప్పకొండకు సైకిల్ మీద వెళ్ళి, దీపాలవేళకు కొండ కింద దీపం పెడతానని. సైకిల్‌ను ఏ బండిలోనూ ఎక్కించకూడదు, తన చక్రాల మీదే పోవాలి. రెండేళ్ళు వెళ్ళొచ్చాడు. మొన్నటి వానల్లో జ్వరం వచ్చి ఆసుపత్రిలోనే పోయాడు. మొక్కు మాత్రం ఇంటి మీద ఉండిపోయింది. మా ఆయన కర్ర వదిలేసి నడుస్తుంటే సంతోషానికి బదులు నాకు భయమేసేది. మిగిలిన ఆ ఒక్క ఏడూ తీర్చకపోతే ఈ కాలు ఏమవుతుందోనని.

"మొక్కినోడే లేడు, ఇంక మొక్కేందే?" అన్నాడు మా ఆయన.

"నువ్వు నడుస్తన్నావుగా" అన్నాను.

ఆయన కోటి సైకిల్ బయటికి తెచ్చి, చక్రాలు రెండూ నొక్కి చూసి, వెనకదానికి గాలి కొట్టాడు.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ముప్పాళ్ల మీదుగా నరసరావుపేటకు ఇరవై అయిదు కిలోమీటర్ల పైనే ఉంటుంది, అక్కడి నుంచి కొండకు ఇంకో పన్నెండు దాకా. సైకిల్ మీద వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే బయలుదేరితే సుఖం. ఆ సోమవారం ఇంటి పని తెమిలేసరికి నాకు మధ్యాహ్నం పన్నెండయింది. ఉపవాసం కాబట్టి మజ్జిగ ఒక్కటే తాగాను. పత్తి చేలకు సైకిల్ మీద పోయే అలవాటుంది గాని లారీలు తిరిగే రోడ్డు మీద అంత దూరం ఎప్పుడూ తొక్కలేదు. వెనక హారన్ మోగినప్పుడల్లా పక్క మట్టిలోకి దిగాల్సిందే. ఆ మట్టి నిండా పల్లేరుకాయలు.

నరసరావుపేట ఇంకా రాకముందే వెనక చక్రం కూర్చుంది. నెట్టుకుంటూ ఊరి మొదట్లో ఉన్న బాషా అన్న పంక్చర్ కొట్టు దాకా వెళ్ళాను. ఆయన ట్యూబు బయటికి లాగి గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచాడు. ఒకచోట బుడగలు లేచాయి. పల్లేరు ముల్లు పీకేసి దానికి ప్యాచ్ వేశాడు. తర్వాత ట్యూబును వేళ్ళ మధ్య తిప్పుతూ ఒక పాత ప్యాచ్ దగ్గర ఆగాడు.

"ఇదెవరు ఏశారమ్మా? అంచు లేస్తంది. పీకి కొత్తది ఏస్తా."

"దాన్ని ముట్టుకోమాక అన్నా. మా అబ్బాయి ఏశాడు."

"నేను ముట్టుకోకపోతే అదే నిన్ను దారిలో దింపుద్ది."

"దింపితే దిగుతాలే. ఉండనీ."

ఆయన నవ్వి, "సరే, నీ ఇష్టం. ఈసారి సొల్యూషన్ ఆరేదాకా ఆగి అతికించమని చెప్పు మీవాడికి. తొందరోడిలాగా ఉన్నాడు" అన్నాడు. ఆయనకు తెలియదు కదా. ముప్పై రూపాయలు చేతిలో పెట్టి వచ్చేశాను.

ఊరు దాటాక దూరంగా కొండ కనబడింది, ఎటు నుంచి చూసినా ఆ మూడు శిఖరాలూ అలాగే ఉంటాయి. పొద్దు వాలుతోంది. అంతలో సైకిల్ ఇసకలో తొక్కినట్టు బరువెక్కింది. దిగి నొక్కితే వెనక చక్రం మెత్తగా ఉంది. కోటి పంపూ, పంక్చర్ సామాను సంచీ వెంట ఉన్నాయి కాబట్టి గాలి కొట్టుకుని ఎక్కాను. కాసేపటికే మళ్ళీ దిగాను. కొట్టిన ప్రతిసారీ ముందటికన్నా తొందరగా దిగిపోతోంది. ఎల్లమంద దగ్గరికి వచ్చేసరికి ఇక నిలవనే లేదు. నెట్టుకుంటూ నడిస్తే దీపాలవేళ దాటిపోతుంది.

కొండకు పోయే ఆటో ఒకటి పక్కన ఆగింది. "పిన్నీ, సైకిల్ పైన కట్టేస్తా, ఎక్కు. పొద్దు గుంకుతంది" అన్నాడు డ్రైవరు.

"సైకిల్ బండెక్కగూడదయ్యా, మొక్కు."

"పోనీ దాన్నిక్కడ పెట్టి నువ్వెక్కు."

"మొక్కు దాందేనయ్యా."

"అయితే దాన్నే నడిచి రమ్మను" అన్నాడు. లోపల ఆడవాళ్ళు నవ్వారు. అయినా పోతూ పోతూ ఒక నీళ్ళ సీసా నా చేతికిచ్చాడు.

ఆ నీళ్ళే పనికొచ్చాయి. కోటి పంక్చర్ వేసేటప్పుడు ట్యూబు పట్టుకునేది నేనే, అందుకని పని తెలుసు. చక్రం విప్పకుండానే రెండు చెంచాల కాడలతో టైరు అంచు లేపి ట్యూబు లాగాను. గాలి కొట్టి నీళ్ళు చిలకరిస్తే బుడగలు కోటి ప్యాచ్ అంచునే వచ్చాయి. గోరు దూర్చి లాగాను. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. కింద నీలం పెన్నుతో చుట్టిన సున్నా ఉంది. బెజ్జం ఎక్కడుందో మరిచిపోకుండా వాడలా సున్నా చుట్టేవాడు, పైన రెండు కొసలూ కలవకుండా, బళ్ళో రాసినట్టే.

గరుకు కాగితంతో రుద్దకపోతే కొత్త ప్యాచ్ పట్టదు. రుద్దితే సున్నా పోతుంది. కాగితం చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను. కొండ వెనక ఎరుపు తిరిగింది. అప్పుడు మా ఆయన నడక కళ్ళ ముందు మెదిలింది. రుద్దాను. నీలం మొత్తం పోయేదాకా రుద్దాను.

సొల్యూషన్ పూసి, వెలుతురు తగ్గుతున్నా ఆగాను. వేలి వెనక భాగం ఆనిస్తే అంటుకోనంత వరకూ ఆగి, అప్పుడు ప్యాచ్ వేసి పంపు మొదలుతో గట్టిగా అతుక్కునేలా కొట్టాను. టైరు సర్ది గాలి కొడితే నిలిచింది. అక్కడి నుంచి ఎలా తొక్కానో నాకే తెలియదు. కొండ కింద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుండగా దిగాను. బండ ఎగుడుదిగుడుగా ఉండి ప్రమిద ఊగుతుంటే, కొంగున ముడేసుకొచ్చిన కోటి పాత ప్యాచ్ దాని అడుగున పెట్టాను. కదలకుండా కూర్చుంది.

ఆ రాత్రి సత్రంలో పడుకుని పొద్దున్నే తిరుగు దారి పట్టాను. మా ఆయన ఊరి చివర దాకా ఎదురు నడిచి వచ్చాడు. రాగానే వెనక చక్రం నొక్కి చూశాడు. వాడి చేతి గుర్తు ఒకటి ఆ ట్యూబు మీద లేకుండా పోయింది. అయినా వాడు మొక్కింది గుర్తు కోసం కాదు, ఆ కాళ్ళ కోసం. అవి నా ముందే నడుస్తున్నాయి.

ఆ దారిన సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. పాత ప్యాచ్ అంచు లేచి ఉంటే, అది ఎవరు వేసిందైనా సరే, ఇంటి దగ్గరే పీకి కొత్తది వేసుకోండి. సొల్యూషన్ ఆరేదాకా ఆగండి.